‘ఎక్స్‌పెక్టెడ్ టు’, ‘సపోజ్డ్ టు’, ‘షుడ్’: రాబోయే ఫలితం గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు

మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. ఎం.టెక్ ప్రాజెక్టు రిపోర్టులో మీరు ‘ద మోడల్ ఈజ్ సపోజ్డ్ టు గివ్ 95 పర్సెంట్ యాక్యురసీ’ అని రాశారు. గైడ్ గారు దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ‘ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్’ అని మార్చి ఇస్తే, ‘ఎవరు ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?’ అని రాసి తిప్పి పంపారు. రిజల్ట్స్ చాప్టర్‌లో ‘యాజ్ ఎక్స్‌పెక్టెడ్’ కింద కూడా గీత పెట్టారు. ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. ఆఫీసు మెయిల్స్ గురించి, అమెరికా యూనివర్సిటీలకు పంపే ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) గురించి కూడా అడిగారు.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా టెక్నికల్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. విద్యార్థుల థీసిస్‌లు, ఇంజనీర్లు క్లయింట్లకు రాసే డాక్యుమెంట్లు దిద్దడం నా పని. నేను చూసినంతలో ఈ మాటల దగ్గర మనవాళ్లకు గ్రామర్ సమస్య పెద్దగా ఉండదు. వాక్యం సరిగ్గానే ఉంటుంది. కానీ ఆ అంచనా ఎవరిది, దేన్ని చూసి వేశారు, ఎంత గట్టిగా చెప్తున్నారు అనేది అందులో కనిపించదు. మీ గైడ్ గారు అడుగుతున్నది అదే. ఆయన ప్రశ్న న్యాయమైనదని నా అభిప్రాయం.

ముందు ‘సపోజ్డ్ టు’ సంగతి చూద్దాం. ముందే అనుకున్న ఏర్పాటును, నియమాన్ని చెప్పడానికి ఆ మాట వాడతారు. అది జరుగుతుందన్న నమ్మకం అందులో ఉండదు. పైగా ‘అనుకున్నారు గానీ జరగలేదు’ అన్న ధ్వని చాలాసార్లు వినిపిస్తుంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురు చూస్తున్నారనుకోండి. 6 గంటల రైలు 7.20కి వస్తుందని తెలిసింది. ఇంగ్లిష్‌లో ‘ద ట్రైన్ వజ్ సపోజ్డ్ టు అరైవ్ ఎట్ 6, ఇట్ ఈజ్ నౌ ఎక్స్‌పెక్టెడ్ ఎట్ 7.20’ అంటాం. 6 అనేది టైంటేబుల్లో ఉన్న మాట. 7.20 అనేది రైలు ఇప్పుడు ఎక్కడుందో చూసి వేసిన లెక్క. మీరు ‘సపోజ్డ్ టు గివ్ 95 పర్సెంట్’ అని రాసినప్పుడు చదివేవాళ్లకు ‘95 వస్తుందన్నారు, మరి రాలేదా?’ అనిపిస్తుంది. రిపోర్టులో ఆ అనుమానం మీరే పుట్టించినట్టు అవుతుంది.

మనకు ఈ తేడా వెంటనే తట్టకపోవడానికి కారణం ఉంది. ‘ఫీజు సోమవారంలోగా కట్టాలి’, ‘బస్సు ఈపాటికి రావాలి’, ‘ఈసారి మంచి ర్యాంకు రావాలి’ అని మూడు చోట్లా మనం ఒకే రూపం వాడతాం. మొదటిది బాధ్యత, రెండోది అంచనా, మూడోది కోరిక. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. రాసిన ఇంగ్లిష్‌లో గొంతు ఉండదు, కాబట్టి ఏ అర్థానికి ఆ మాట ఎంచుకోవాలి. వాక్యం మొదలుపెట్టే ముందు మీరు చెప్పేది బాధ్యతా, ఏర్పాటా, అంచనానా, ఆశా అని ఒక్క క్షణం ఆగి చూసుకోండి. సగం తప్పులు అక్కడే పోతాయి.

ఇప్పుడు ‘ఎక్స్‌పెక్టెడ్ టు’. ఇది రెండు పనులు చేస్తుంది. ‘ప్రైసెస్ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు ఫాల్’ అంటే అంచనా. ‘క్యాండిడేట్స్ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్స్’ అంటే మర్యాదగా ఇచ్చిన ఆదేశం. కర్త మనుషులైతే రెండో అర్థం తొందరగా వచ్చేస్తుంది. ‘యూజర్స్ ఆర్ ఎక్స్‌పెక్టెడ్ టు చేంజ్ దెయిర్ పాస్‌వర్డ్స్’ అని రాస్తే అది అంచనానో ఆదేశమో క్లయింటుకు తెలియదు. ఆదేశమైతే ‘మస్ట్’ అని రాయండి. అంచనా అయితే ‘వీ ఎక్స్‌పెక్ట్ దట్ మోస్ట్ యూజర్స్ విల్’ అని మొదలుపెట్టండి.

‘ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్’ అన్న రూపంలో ఇంకో ఇబ్బంది ఉంది. అంచనా వేసిన మనిషి వాక్యంలోంచి మాయమైపోతాడు. పత్రికలో ‘ఆశిస్తున్నారు’, ‘భావిస్తున్నారు’ అని ముగిసే వాక్యాలు చదివి మనకు అది అలవాటైపోయింది. పరిశోధనలో అది నిలబడదు. బాగా రాసిన అంచనా ఎలా ఉంటుందో మన దేశంలోనే చూడొచ్చు. 2024 ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ ఆ ఏడాది రుతుపవనాల గురించి ఏం చెప్పిందో చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దేశం మొత్తం మీద వర్షపాతం దీర్ఘకాలిక సగటులో 106 శాతం ఉండే అవకాశం ఉందని, ఇందులో 5 శాతం అటూ ఇటూ తేడా రావచ్చని చెప్పింది. ఆ సగటు 1971 నుంచి 2020 వరకు లెక్క వేసింది, 87 సెంటీమీటర్లు. అంటే ఎవరు చెప్తున్నారు, ఏ కాలానికి, ఏ ప్రాంతానికి, దేనితో పోల్చి, ఎంత తేడాతో అన్నదంతా అందులోనే ఉంది. సీజన్ ముగిశాక వర్షపాతం 108 శాతంగా తేలింది. చెప్పిన పరిధిలోనే ఉందని ఎవరైనా సరిచూసుకోవచ్చు. తర్వాత సరిచూడగలిగేలా రాయడమే అంచనా రాయడంలో అసలు విషయం. ‘గుడ్ రెయిన్‌ఫాల్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్’ అని ఊరుకుంటే ఆ అంచనా తప్పిందని కూడా ఎవరూ చెప్పలేరు.

రిజర్వ్ బ్యాంకు రాసే తీరు కూడా గమనించండి. 2024 ఏప్రిల్ ద్రవ్య విధాన ప్రకటనలో, రుతుపవనాలు మామూలుగా ఉంటాయని అనుకుంటే 2024-25లో రిటైల్ ద్రవ్యోల్బణం 4.5 శాతం అని రాసింది. అక్కడ వాడిన మాట ‘ప్రొజెక్టెడ్’. ఫలానా షరతులు నిజమైతే లెక్క ఇలా వస్తుంది అని దాని అర్థం. ‘ఎక్స్‌పెక్టెడ్’లో రాసేవాళ్ల నమ్మకం ఉంటుంది, ‘ప్రొజెక్టెడ్’లో ఒక లెక్క, దాని వెనక షరతు ఉంటాయి. మీ రిపోర్టులో ఒక మోడల్‌ను, ఒక గ్రాఫ్‌ను ముందుకు పొడిగించి సంఖ్య చెప్తుంటే ‘ప్రొజెక్టెడ్’ బాగుంటుంది. షరతు మాత్రం పక్కనే రాయాలి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘బేస్డ్ ఆన్ అవర్ పైలట్ రన్స్, వీ ఎక్స్‌పెక్ట్ ద మోడల్ టు రీచ్ 93 టు 95 పర్సెంట్ యాక్యురసీ ఆన్ ద టెస్ట్ సెట్.’ పైలట్ రన్స్‌లో, అంటే ముందుగా చేసిన చిన్న ప్రయోగాల్లో, మీకు వచ్చిన అసలు సంఖ్యలు వేసుకోండి. మీ డిపార్ట్‌మెంటులో ‘వీ’ వాడొద్దంటే ‘ఆన్ ద బేసిస్ ఆఫ్ ద పైలట్ రన్స్, ద మోడల్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు రీచ్’ అని రాయొచ్చు. మనిషి కనిపించకపోయినా ఆధారం కనిపిస్తుంది కాబట్టి గైడ్ గారి ప్రశ్నకు జవాబు ఉన్నట్టే.

‘లైక్లీ’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చూడ్డానికి తేలికగా కనిపించే ఇలాంటి మాటల వల్ల చాలా గందరగోళం జరిగింది. 1951 మార్చిలో అమెరికా గూఢచార విశ్లేషకులు యుగోస్లావియా మీద సోవియట్ పక్షం దాడి జరగడాన్ని ‘సీరియస్ పాసిబిలిటీ’గా చూడాలని ఒక నివేదికలో రాశారు. దానికి అర్థం ఏమిటని విదేశాంగ శాఖ అధికారి ఒకరు అడిగితే, ఆ విశ్లేషకుల బృందంలో ఉన్న షెర్మన్ కెంట్ తన దృష్టిలో 65 శాతం దాకా అవకాశం ఉందన్నాడు. అడిగిన అధికారి అంతకంటే చాలా తక్కువ అనుకున్నాడు. కెంట్ తిరిగి వెళ్లి తన సహచరులను అడిగితే ఒకరు 20 శాతం అన్నారు, ఇంకొకరు 80 శాతం అన్నారు. అందరూ కలిసి ఆమోదించిన వాక్యమే అది. ఒకే గదిలో కూర్చుని రాసినవాళ్లకే అర్థం ఒకటి కానప్పుడు, మీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు ‘వెరీ లైక్లీ’ అంటే ఎంతో ఎలా తెలుస్తుంది?

అందుకే వాతావరణ మార్పుల మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐపీసీసీ తన నివేదికల్లో ఈ మాటలకు సంఖ్యలు కట్టింది. ‘లైక్లీ’ అంటే 66 నుంచి 100 శాతం, ‘వెరీ లైక్లీ’ అంటే 90 నుంచి 100 శాతం, ‘వర్చువల్లీ సర్టెన్’ అంటే 99 నుంచి 100 శాతం, ‘అన్‌లైక్లీ’ అంటే 33 శాతం లోపు. మీరు అంత పెద్ద పట్టిక పెట్టక్కర్లేదు. మీ దగ్గర సంఖ్య ఉంటే దాన్ని వాక్యంలో రాయండి. లేకపోతే ‘లైక్లీ’ ఒక్కటి చాలు, దాని ముందు ‘వెరీ’, ‘హైలీ’, ‘ఎక్స్‌ట్రీమ్లీ’ తగిలించొద్దు. అవి అంచనాను గట్టిపరచవు, రాసినవాళ్ల ఉత్సాహం మాత్రమే చూపిస్తాయి.

గ్రామర్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. ‘ఈజ్ లైక్లీ టు ఇంక్రీజ్’ అన్నది అన్ని చోట్లా చెల్లుతుంది. ‘విల్ లైక్లీ ఇంక్రీజ్’ అమెరికన్లు ఎక్కువ రాస్తారు, బ్రిటిష్ ఎడిటర్లలో కొందరు దిద్దుతారు. జర్నల్ ఎక్కడిదో తెలియకపోతే మొదటిదే వాడండి.

దీనికి దగ్గర చుట్టాల్లా కనిపించే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. ‘లయబుల్ టు’ అనేది చెడు జరిగే చోటే వాడాలి. బోల్టు విరగొచ్చు, పైపు లీకవ్వచ్చు అన్న చోట సరిపోతుంది, ‘ద స్టూడెంట్ ఈజ్ లయబుల్ టు గెట్ ఎ జాబ్’ అనకూడదు. ‘బౌండ్ టు’ అంటే తప్పకుండా జరిగి తీరుతుందని. దాన్ని పరిశోధనలో వాడాలంటే గణితంతో రుజువు చేయగలిగి ఉండాలి. ‘సెట్ టు’, ‘పాయిజ్డ్ టు’ వార్తాపత్రికల భాష, థీసిస్‌లో వద్దు.

‘డ్యూ టు’ తర్వాత క్రియ వస్తే షెడ్యూలు అని అర్థం. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం 6.04కి దిగాలన్నది ప్రణాళిక. దిగడానికి ముందు రోజు రాస్తున్నామనుకోండి. ‘ఈజ్ డ్యూ టు ల్యాండ్’ అంటే కార్యక్రమంలో ఆ టైము ఉందని. ‘ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు ల్యాండ్’ అంటే అంతా బాగానే నడుస్తోంది, ఆ టైముకే దిగేలా ఉందని. ‘విల్ ల్యాండ్’ అని రాయాలంటే ఆ మాటకు బాధ్యత తీసుకోగలిగినవాళ్లే రాయాలి. మూడూ సరైన ఇంగ్లిషే. ఏది రాశారన్నదాన్ని బట్టి మీకు ఎంత తెలుసో చదివేవాళ్లకు అర్థమవుతుంది. అదే ‘డ్యూ టు’ తర్వాత నామవాచకం వస్తే ‘వల్ల’ అని అర్థం మారిపోతుంది, కాబట్టి ఒకే పేరాలో రెండు అర్థాలకూ దాన్ని వాడకండి.

ఆఫీసు మెయిల్స్ దగ్గరికి వస్తే, గొడవంతా ‘షుడ్’తోనే. ‘ద ఫిక్స్ షుడ్ బి రెడీ బై టుమారో ఈవెనింగ్’ అని మన ఇంజనీరు రాస్తాడు. అతని మనసులో ‘దాదాపు అయిపోతుంది’ అని ఉంటుంది. అవతలివాళ్లు ‘రేపు సాయంత్రానికి ఇస్తామన్నారు’ అని రాసిపెట్టుకుంటారు. ఎల్లుండి కాల్‌లో వాదన మొదలవుతుంది. ఇలాంటి మెయిల్ గొలుసులు నేను ఎన్నో చదివాను, రెండు వైపులా నిజాయితీగానే మాట్లాడుతుంటారు. మీరు మాట ఇస్తుంటే ‘వీ విల్ డెలివర్’ అనండి. ఇవ్వలేకపోతే ‘వీ ఎక్స్‌పెక్ట్ టు డెలివర్ బై థర్స్‌డే, ప్రొవైడెడ్ వీ గెట్ ద టెస్ట్ డేటా టుడే’ అని షరతుతో సహా రాయండి. ఆ షరతే రేపు మిమ్మల్ని కాపాడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లలో ‘షుడ్’కు ఇంకా కచ్చితమైన అర్థం ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో దాన్ని నిర్వచించారు. ‘మస్ట్’ అంటే తప్పనిసరి. ‘షుడ్’ అంటే చేయడం మంచిది, కానీ సరైన కారణం ఉంటే, పర్యవసానాలు ఆలోచించుకుని మానేయొచ్చు. ‘మే’ అంటే ఐచ్ఛికం. క్యాపిటల్ అక్షరాల్లో రాసినప్పుడే ఈ అర్థాలు వర్తిస్తాయని 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 స్పష్టం చేసింది. ఈ పద్ధతి పాటించే డాక్యుమెంటులో ‘ద సర్వర్ షుడ్ రెస్పాండ్ ఇన్ 2 సెకండ్స్’ అని అంచనాగా రాస్తే, డెవలపర్ దాన్ని సిఫార్సుగా చదువుతాడు. అంచనాకు అక్కడ ‘షుడ్’ వాడకపోవడమే మంచిది.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాళ్ల కోసం ఒక మాట. టెస్ట్ కేసులో ‘ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్’ అన్న కాలమ్ అంచనా కాదు, స్పెసిఫికేషన్ ప్రకారం జరగాల్సింది. అక్కడ ‘షుడ్’, ‘విల్’ ఏదీ లేకుండా ‘ద సిస్టమ్ డిస్‌ప్లేస్ ఎన్ ఎర్రర్ మెసేజ్’ అని వర్తమానంలో రాస్తే పక్క కాలమ్‌లోని అసలు ఫలితంతో సూటిగా పోల్చుకోవచ్చు. స్టాటిస్టిక్స్ వాడేవాళ్లు ‘ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ’తో కూడా జాగ్రత్తగా ఉండాలి. పాచిక వేస్తే దాని ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ 3.5, కానీ ఏ పాచిక మీదా 3.5 పడదు. అది సగటు. మీరు ఊహించిన విలువ అని చెప్పాలనుకుంటే ‘ద వాల్యూ వీ ప్రిడిక్టెడ్’ అని రాయండి.

ఇక ‘యాజ్ ఎక్స్‌పెక్టెడ్’. మీ గైడ్ గారు దీని కింద గీత పెట్టడానికి కారణం, నాకు అర్థమైనంతలో, ముందు చాప్టర్లలో ఆ అంచనా ఎక్కడా లేకపోవడం. ఫలితం వచ్చాక ‘మేం ముందే అనుకున్నాం’ అనడం తేలిక. 1998లో నార్బర్ట్ కెర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ‘హార్కింగ్’ అని పేరు పెట్టాడు. ఫలితాలు తెలిశాక పరికల్పన తయారుచేసి, అది మొదటి నుంచీ ఉన్నట్టు రాయడం అన్నమాట. విజ్ఞాన శాస్త్రానికి ఇది నిజంగా హాని చేస్తుంది. యాదృచ్ఛికంగా వచ్చిన ఫలితం కూడా రుజువైన సిద్ధాంతంలా కనిపిస్తుంది, తర్వాత వచ్చే విద్యార్థులు దాని మీద తమ పని కట్టుకుంటారు. కాబట్టి మూడో చాప్టర్‌లో ‘వీ ఎక్స్‌పెక్టెడ్ దట్ ద ఎర్రర్ వుడ్ ఫాల్’ అని ఉంటేనే అయిదో చాప్టర్‌లో ‘యాజ్ ఎక్స్‌పెక్టెడ్, ద ఎర్రర్ ఫెల్’ అని రాయండి. ‘ఎక్స్‌పెక్టెడ్’ భూతకాలంలో ఉంటే వెనక ‘విల్’ కాదు, ‘వుడ్’ వస్తుంది. ముందు రాయలేదంటే ఆ రెండు మాటలు తీసేసి ఫలితాన్ని ఉన్నదున్నట్టు చెప్పండి, ఏ నష్టమూ లేదు.

రూపం విషయంలో ‘యాజ్ ఇట్ వజ్ ఎక్స్‌పెక్టెడ్’, ‘యాజ్ పర్ ఎక్స్‌పెక్టెడ్’ రెండూ వద్దు. ‘ఆన్ ఎక్స్‌పెక్టెడ్ లైన్స్’ మన పత్రికల్లో రోజూ కనిపిస్తుంది గానీ భారతదేశం బయట చాలామందికి కొత్తగా ఉంటుంది, ‘ఇన్ లైన్ విత్ ఎక్స్‌పెక్టేషన్స్’ అంటే అందరికీ తెలుస్తుంది. ‘హయ్యర్-దాన్-ఎక్స్‌పెక్టెడ్ లోడ్’ అని నామవాచకానికి ముందు వస్తే హైఫన్లు పెట్టాలి, ‘ద లోడ్ వజ్ హయ్యర్ దాన్ ఎక్స్‌పెక్టెడ్’ అన్నప్పుడు అక్కర్లేదు. ‘ఆబ్వియస్లీ’, ‘ఆఫ్ కోర్స్’ రిపోర్టులో వద్దు. మీకు స్పష్టమైనది ఎగ్జామినర్‌కు కాకపోవచ్చు.

అనుకున్నది రాకపోతే దాచకండి. ‘కాంట్రరీ టు అవర్ ఎక్స్‌పెక్టేషన్’ అని మొదలుపెట్టి, ఏం అనుకున్నారో, ఏం వచ్చిందో, ఎందుకు వచ్చి ఉండొచ్చో రాయండి. నేను దిద్దిన థీసిస్‌లలో నాకు నచ్చిన పేజీలు ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉన్నాయి.

మెయిల్స్‌లో ఇంకొక్కటి మార్చుకోండి. ప్రొఫెసర్లకు ‘ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యువర్ రిప్లై’ అని రాస్తున్నారు మనవాళ్లు. మనసులో ‘మీ జవాబు కోసం ఎదురు చూస్తుంటాను’ అన్న వినయమే ఉంటుంది. చదివేవాళ్లకు మాత్రం ‘జవాబు ఇచ్చి తీరాలి’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అని రాస్తే సరిపోతుంది.

చివరగా ఎస్ఓపీ. ‘హోప్‌ఫుల్లీ, ఐ విల్ బికమ్ ఎ డేటా సైంటిస్ట్’ అన్న వాక్యం తప్పా అని అడిగారు. ‘హోప్‌ఫుల్లీ’ని అలా వాడటాన్ని పాత ఎడిటర్లు ఒప్పుకునేవాళ్లు కాదు. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ల స్టైల్‌బుక్ 2012లో ఒప్పుకుంది. తప్పు కాదు గానీ ఎస్ఓపీలో బలహీనంగా ఉంటుంది, అదృష్టం కోసం చూస్తున్నట్టు. ‘ఐ విల్ డెఫినెట్లీ బికమ్’ అన్నది ఇంకోవైపు అతి. మీ చేతిలో ఉన్నవాటికి ‘ఐ ప్లాన్ టు’, ‘ఐ ఇంటెండ్ టు’ రాయండి. మీ చేతిలో లేనివాటికి ‘ఐ హోప్ టు’ రాయండి. ఫలానా ప్రొఫెసర్ ల్యాబులో పనిచేయాలనుకుంటే ‘ఐ హోప్ టు వర్క్ విత్’, ఫలానా కోర్సులు తీసుకోవాలనుకుంటే ‘ఐ ప్లాన్ టు టేక్’. ‘ఐ ఎండెడ్ అప్ జాయినింగ్ మెకానికల్’ అని కూడా చాలామంది రాస్తున్నారు. ‘ఎండెడ్ అప్’ అంటే అనుకోకుండా అందులో వచ్చి పడ్డానని అర్థం వస్తుంది. మీరు ఇష్టపడి ఎంచుకున్న బ్రాంచి అయితే ‘ఐ చోజ్’ అనండి.

‘ఎక్స్‌పెక్ట్’కు ఎస్ఓపీలో, రెజ్యూమేలో సరైన చోటు ఒకటుంది, అది డిగ్రీ తేదీ. కోర్సు ఇంకా నడుస్తుంటే డిగ్రీ పేరు పక్కన ‘ఎక్స్‌పెక్టెడ్’ అని రాసి నెల, సంవత్సరం వేయండి. బ్యాక్‌లాగ్స్ ఏమైనా ఉంటే అవి పూర్తయ్యే నెలే వేయాలి, బ్యాచ్ మొత్తానికి పట్టాలు వచ్చే నెల కాదు. యూనివర్సిటీ తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ చూసినప్పుడు రెండూ కలవాలి.